సిలువ, కృప, క్షమాపణ: మా సంఘంలో తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పెరంబూరు పక్కన ఉన్న మా తెలుగు సంఘంలో సగం కుటుంబాల మూలాలు నెల్లూరు, ఒంగోలు వైపు ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొర మద్రాసులో కొంతకాలం ఉండి 1840లో నెల్లూరు వెళ్లి మిషన్ పెట్టాడు. మా తాతలు అటునుంచి ఇటు, బిన్నీ మిల్లు పనికీ రైల్వే వర్క్‌షాపు పనికీ వచ్చారు.

ప్రతి ఏడాదీ లెంట్ రోజుల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, సాయంత్రం ప్రార్థన అయ్యాక ఒక డబ్బా పెడతాం. ఎవరైనా ప్రశ్న రాసి వేయొచ్చు, పేరు అక్కర్లేదు. కొన్నిటికి పాస్టరు గారు జవాబిస్తారు, మిగిలినవి నాకు అప్పజెప్తారు. నేను బోధకుణ్ణి కాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు, అందులో ఎక్కువ కాలం అప్పుల సీట్లో కూర్చుని రిటైర్ అయ్యాను. అందుకే నా జవాబుల్లో ప్రోనోట్లూ బాకీలూ ఎక్కువ. ఏటా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు ఇవి. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లలకు పెద్దవాళ్లు చదివి వినిపించండి.

కృప, దయ, జాలి అన్నీ ఒకటే కదా?

దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. జాలి మనసులో పుట్టి అక్కడే ఆగిపోవచ్చు. దయ చేతల్లోకి వస్తుంది. కొత్త నిబంధనలో కృప అంటే, అడిగే హక్కు బొత్తిగా లేనివాడికి దొరికేది.

నెల జీతం మన హక్కు. పండగ బోనసు యజమాని మంచితనం. గల్లాపెట్టెలో డబ్బు ఎత్తుకుని పారిపోయినవాడు చేతులు ఖాళీ చేసుకుని తిరిగొస్తే, ముందు అన్నం పెట్టి తర్వాత మాట్లాడటం కృప. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ అదే. వాడు క్షమాపణ చెప్పుకోవడానికి దారంతా మాటలు వల్లె వేసుకుంటూ వచ్చాడు. తండ్రి ఆ మాటలు పూర్తి కానివ్వలేదు.

క్యాథలిక్ బంధువులు దీన్నే వరప్రసాదం అంటారు. పక్కింటి తమిళులు కిరుబై అంటారు, అది మన కృపే. రోమా 5:8లో 'మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను' అని ఉంది. ఆ 'ఇంకను' అనే చిన్న మాట దగ్గర కాసేపు ఆగండి. మనం బాగుపడ్డాక కాదు, బాగుపడతామని మాటిచ్చాక కూడా కాదు.

సిలువ అనేది తెలుగు మాటేనా?

ఇప్పుడు తెలుగే. కానీ దాని వేరు సిరియా దేశపు పాత క్రైస్తవుల భాషలో ఉంది. అక్కడ స్లీబా అంటే సిలువ. తమిళంలో సిలువై అయింది. ట్రిప్లికేన్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లు వాడే సలీబ్ కూడా ఆ కుటుంబంలోదే.

దేవుడు ఊరికే క్షమించేయొచ్చుగా? మధ్యలో సిలువ ఎందుకు?

ఏటా కనీసం మూడు చీటీల మీద ఈ ప్రశ్న ఉంటుంది. నన్ను మొదట అడిగింది మాత్రం సండే స్కూలు పిల్ల. "అంకుల్, నేను గ్లాసు పగలగొడితే మా అమ్మ పర్లేదులే అంటుంది. ఎవర్నీ చంపదు కదా?" అంది.

గ్లాసు దగ్గరే మొదలుపెడదాం. అమ్మ పర్లేదంది, నిజమే. పెంకులు ఏరింది ఎవరు? కొత్త గ్లాసు కొన్నది ఎవరు? ఆ పిల్లకు పైసా ఖర్చు కాలేదు కాబట్టి క్షమాపణ ఊరికే వచ్చినట్టు అనిపించింది. అమ్మకు ఊరికే రాలేదు.

బ్యాంకులో బాకీ కనబడకుండా పోవడానికి మూడు దారులు ఉండేవి. మొదటిది కాలదోషం. ప్రోనోటు మీద మూడేళ్లలోపు దావా వేయకుండా, ఈలోగా బాకీదారు చేత ఒప్పుకోలు రాయించుకోకుండా వదిలేస్తే కాలదోషం పడుతుంది. కోర్టు ఇక వసూలు చేయించదు. అంతమాత్రాన అప్పు తీరిపోయినట్టు కాదు. మనలో చాలామంది క్షమించేశామని చెప్పుకునేది ఇదే. పదేళ్లయింది, ఆ మాట ఎత్తడం మానేశాం, అంతే.

రెండోది రైట్ ఆఫ్. పేపర్లో ఈ మాట చూసి జనం అప్పు వదిలేశారనుకుంటారు. కాదు. బ్యాలెన్స్ షీటులోంచి తీసేస్తారు గానీ బ్రాంచిలో లెక్క ఉంటుంది, వసూలు ప్రయత్నం నడుస్తూనే ఉంటుంది. ఇలాంటి క్షమాపణ కూడా నేను చాలా చూశాను. గుళ్లో వందనాలు చెప్పుకుంటారు, పెళ్లికి పిలుస్తారు. లోపల మాత్రం లెడ్జరు తెరిచే ఉంటుంది. ఒక్క మాట తేడా వస్తే తేదీతో సహా బయటికొస్తుంది.

మూడోది మాఫీ. 2008లో కేంద్రం రైతుల అప్పులు మాఫీ చేసింది. రైతు కట్టక్కర్లేదు, నిజమే. కానీ ఆ డబ్బు ఆవిరైపోలేదు. ప్రభుత్వం బ్యాంకులకు కట్టింది. మాఫీ అన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆ నష్టాన్ని తన మీద వేసుకుంటారు.

సిలువను నేను అర్థం చేసుకునేది ఇలాగే. దేవుడు మన తప్పులకు కాలదోషం పట్టనివ్వలేదు, లోపల లెక్క ఉంచుకుని పైకి కొట్టేయనూ లేదు. నష్టం తానే భరించాడు. కొలస్సయులకు రాసిన పత్రిక 2:14లో, 'మనకు విరోధముగాను నుండిన పత్రమును మేకులతో సిలువకు కొట్టి' అని ఉంది. అక్కడ పత్రం అని తర్జుమా అయిన గ్రీకు మాటకు అసలు అర్థం చేతి రాత. బాకీదారు తన చేత్తో రాసిచ్చే కాగితానికి ఆ కాలంలో అదే పేరు. మన భాషలో ప్రోనోటు! ఈ సంగతి తెలిసిన రోజు బ్యాంకులో మధ్యాహ్నం దాకా నాకు పని సాగలేదు.

అంటే తండ్రి కోపం చల్లారడానికి కొడుకును బలి ఇచ్చాడనేగా?

కొందరు ప్రసంగీకులు చెప్పే తీరు వింటే అలాగే అనిపిస్తుంది, అందులో మీ తప్పు లేదు. కోపిష్టి తండ్రి, అమాయకుడైన కొడుకు, మధ్యలో బెత్తం. ఆ బొమ్మ నాకు నచ్చదు. దాంతో పిల్లల్ని భయపెట్టడం అసలే నచ్చదు.

లేఖనం చెప్పేది వేరు. 'దేవుడు క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు' అని 2 కొరింథీ 5:19. బాకీ రావలసినవాడూ, కట్టినవాడూ ఒక్కడే. మూడో మనిషిని పట్టుకొచ్చి అతని జేబు కొట్టలేదు. యోహాను 10లో యేసు, తన ప్రాణాన్ని ఎవడూ తీసుకోడనీ తానే పెడుతున్నాననీ అంటాడు.

సిలువ ఎలా పనిచేస్తుందో సంఘ చరిత్రలో అందరూ ఒకేలా చెప్పలేదు. మరణం మీద, సాతాను మీద గెలుపు అని తొలి శతాబ్దాల పెద్దలు ఎక్కువగా చెప్పారు. 11వ శతాబ్దం చివర్లో ఆన్సెల్మ్ దీన్ని దేవుని ఘనతకు మనిషి పడిన బాకీగా వివరించాడు. నేను బాకీ పోలికనే పట్టుకున్నానంటే అది నా ఉద్యోగం పుణ్యం. మీకు గెలుపు పోలిక దగ్గరగా అనిపిస్తే అది కూడా లేఖనంలోదే.

సిలువ వేయడం నిజంగా జరిగిందా?

యేసును రోమన్ గవర్నరు పిలాతు కాలంలో చంపారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 2వ శతాబ్దం మొదట్లో రాశాడు. ఆయన క్రైస్తవుడు కాదు, మన మీద అభిమానమూ లేదు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో మేకు దిగిన మడమ ఎముక బయటపడింది, వేరే మనిషిది. రోమన్లు ఈ శిక్ష ఎక్కువగా బానిసలకూ తిరుగుబాటు చేసినవాళ్లకూ వేసేవారు. ఇప్పుడు మనం బంగారు గొలుసులో వేసుకు తిరిగేది, అప్పట్లో నలుగురిలో పేరెత్తడానికి సిగ్గుపడే వస్తువు.

'సమాప్తమైనది' అంటే రసీదు మీద రాసే 'అప్పు చెల్లింది' అనే మాటేనా?

ఈ మాట ప్రతి గుడ్ ఫ్రైడేకూ, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనలో ఆరో మాట దగ్గర వినిపిస్తుంది. పాత గ్రీకు పన్ను రసీదుల మీద ఇదే మాట ఉండేదని చెప్తారు. బ్యాంకువాణ్ణి కాబట్టి ఇది నిజమైతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ఆ రసీదుల మీద ఉన్నది పొట్టి రాత. అది పన్ను కట్టడానికి వాడే వేరే క్రియ అని పండితులు గట్టిగానే వాదిస్తున్నారు. కాబట్టి నేను ఆ ఉదాహరణ వాడటం మానేశాను.

అది లేకపోయినా నష్టమేమీ లేదు. యోహాను 19:30లోని ఆ క్రియ ఉన్న కాలమే చాలు. పని పూర్తయింది, దాని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉంది అని చెప్పే రూపం అది. మనం తర్వాత వచ్చి ఇంకో కంతు కట్టడానికి చోటు మిగల్లేదు.

మా ఫ్రెండ్స్ కర్మ అనుభవించాల్సిందే అంటారు. వాళ్లకేం చెప్పాలి?

ముందు వాళ్లను వెక్కిరించకండి. చేసిన పనికి ఫలితం ఉంటుందనే మాటలో న్యాయబుద్ధి ఉంది. 'మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును' అని గలతీ పత్రికలో పౌలు కూడా రాశాడు. సిలువ ఆ న్యాయాన్ని కాదనదు, ఆ పంట కోతకు ఇంకొకరు పొలంలో దిగారని చెప్తుంది.

తెలుగువాళ్లకు ఈ ఆలోచన మరీ కొత్తదీ కాదు. కంచెర్ల గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడితే, రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లించారని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం. భక్తుడి బాకీ దేవుడు తీర్చడం అనే ముచ్చటకు మన చెవి అలవాటు పడే ఉంది. రెండు కథలూ ఒకటేనని నేననను. అక్కడ తీరింది భక్తుడి బాకీ, సిలువ దగ్గర తీరింది శత్రువుల బాకీ. అక్కడ కట్టింది నాణేలు. అయినా మాట కలపడానికి అది మంచి గుమ్మం.

పరంగిమల మెట్లు మోకాళ్ల మీద ఎక్కితే, వేలాంకణ్ణికి నడిచి వెళ్తే పాపం పోతుందా?

పరంగిమల, అంటే సెయింట్ థామస్ మౌంట్ మీదికి నేను చాలాసార్లు వెళ్లాను. 1547లో పోర్చుగీసువాళ్లు పునాదులు తవ్వుతుంటే దొరికిన రాతి సిలువ అక్కడి గుడిలో ఉంది. దాని చుట్టూ పహ్లవీ లిపిలో చెక్కిన రాత ఉంది. చదివిన పండితులు ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చెప్పారు. ఆగస్టు చివర్లో చెన్నై నుంచి కాషాయ బట్టలతో వేలాంకణ్ణి మాత గుడికి నడిచే గుంపులనూ చూస్తుంటాం. ఆ మడమల పగుళ్లు చూస్తే వాళ్లను తేలిగ్గా మాట్లాడబుద్ధి కాదు.

కానీ ప్రశ్న పాపం పోతుందా అని కాబట్టి చెప్తున్నాను. కృతజ్ఞతగా నడిస్తే నడవండి. కట్టడానికైతే వద్దు, ఆ కౌంటరు ఎప్పుడో మూసేశారు. మా ప్రొటెస్టంటు పక్షంలోనూ ఇదే జబ్బు ఉందని మరిచిపోకండి. దశమభాగం (ఆదాయంలో పదో వంతు) తప్పకుండా ఇస్తున్నాను కాబట్టి దేవుడు నాకు కాస్త బాకీ అనుకునేవాళ్లు మా కమిటీలోనే ఉన్నారు.

ఎన్నిసార్లు క్షమించాలి? డెబ్భై ఏళ్ల వరకా?

నవ్వకండి, ఈ చీటీ నిజంగా వచ్చింది. మత్తయి 18:22లో 'డెబ్బది ఏళ్ల మారులమట్టుకు' అని ఉంటుంది. అక్కడ ఏళ్లు అంటే సంవత్సరాలు కాదు. పాత ఎక్కాల్లో 'ఏడేళ్లు నలభైతొమ్మిది' అని చదివినవాళ్లకు ఇది తెలుసు. డెబ్భై ఏడుల సార్లు అని అర్థం, అంటే 490. గ్రీకులో దాన్ని డెబ్భై ఏడుసార్లు అని కూడా చదవొచ్చు. ఎలా చదివినా ఎవడైనా లెక్క రాసుకుంటుంటే వాడింకా మొదలే పెట్టలేదన్నమాట. ఆదికాండము 4లో లెమెకు, తన పగ డెబ్భై ఏడంతలని గొప్పలు పోతాడు. యేసు ఆ పాత లెక్కనే తిరగేశాడని నాకు అనిపిస్తుంది.

వెంటనే వచ్చే ఉపమానంలో అసలు అంకెలు ఉన్నాయి. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. దేనారం అంటే ఒక రోజు కూలి, తలాంతు అంటే ఆరు వేల దేనారాలు. మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి! రోజుకు ఎనిమిది వందలు వేసుకుంటే 4,800 కోట్ల రూపాయలు. 'ఓర్చుకో, అంతా చెల్లిస్తాను' అంటాడు వాడు. ఏ మేనేజరైనా నవ్వుతాడు. రాజు మాఫీ చేశాడు. బయటికొచ్చి వాడు గొంతు పట్టుకున్నది నూరు దేనారాల బాకీదారుణ్ణి, అంటే మన లెక్కలో 80,000. ఇక్కడ యేసు ఆ రెండో అప్పును సున్నా అనలేదు. ఎనభై వేలంటే కూలివాడికి మూడు నెలల బతుకు. మనకు జరిగిన అన్యాయం చిన్నదని ఆయన అనడు. దాన్ని దేని పక్కన పెట్టి చూడాలో చెప్తాడు.

భర్త కొడుతున్నాడు. క్షమించి కాపురానికి వెళ్లమని పెద్దలు అంటున్నారు. వెళ్లాలా?

వద్దమ్మా. ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి. 181 మహిళల హెల్ప్‌లైన్. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, నివాస హక్కు అడగొచ్చు.

క్షమించడం వేరు, మళ్లీ నమ్మడం వేరు. పాత బాకీ మాఫీ చేసినంత మాత్రాన అదే మనిషికి కొత్త అప్పు ఇవ్వాలని ఏ బ్యాంకులోనూ రూలు లేదు. క్షమించడానికి ఒకరు చాలు, కలిసి బతకడానికి ఇద్దరూ మారాలి. సిలువను చూపించి దెబ్బలు తినమని చెప్పే పెద్దలు ఆ సిలువ ఎవరు మోశారో మరిచిపోతున్నారు. ఈ విషయంలో మా సంఘంలో కూడా గతంలో తప్పు సలహాలు ఇచ్చాం.

క్షమిస్తే కేసు వెనక్కి తీసుకోవాలా?

అక్కర్లేదు. 1999 జనవరిలో ఒడిశాలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకులనూ వ్యానులోనే తగలబెట్టి చంపారు. ఆయన భార్య గ్లాడిస్, చంపినవాళ్లను క్షమిస్తున్నానని బహిరంగంగా చెప్పింది. కేసు దాని దారిన నడిచింది, ప్రధాన దోషి దారా సింగ్‌కు పడిన జీవిత ఖైదును 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె తన పగ వదులుకుంది. శిక్ష సంగతి కోర్టుది.

ఎవరితోనో మాటల్లేవు. ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో) చేయి వేయొచ్చా?

'అయోగ్యముగా' అనే మాటకు భయపడి ఏళ్ల తరబడి వెనక బెంచీలో కూర్చుండిపోయినవాళ్లు నాకు తెలుసు. 1 కొరింథీ 11లో ఆ మాట తినే తీరు గురించి. కొరింథులో ఉన్నవాళ్లు కడుపునిండా తిని తాగుతుంటే పేదవాళ్లు ఆకలితో చూస్తున్నారు, పౌలు తిట్టింది అందుకు. యోగ్యులకే బల్ల అయితే మా పాస్టరు గారు కూడా ముట్టుకోలేరు. అయితే ముందు సహోదరుడితో సమాధానపడమనే మత్తయి 5 మాట ప్రకారం, వీలైతే ఈ వారమే ఒక ఫోన్ చేయండి. అవతలివాళ్లు ఎత్తకపోతే అది వాళ్ల ఇష్టం.

కృప ఉచితమైతే ఎలా బతికినా పర్లేదా?

పౌలును కూడా ఇదే అడిగారు. 'అట్లనరాదు' అన్నాడు, రోమా 6:2. పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. యేసు ఒక్క పైసా అడగలేదు. అయినా వాడు అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

నాది క్షమించరాని పాపమేమోనని టెన్షన్.

ఆ టెన్షన్ ఉన్నవాళ్లది అది కాదు. మార్కు 3లో యేసు హెచ్చరించింది, కళ్లెదుట పరిశుద్ధాత్మ చేసిన పనిని దయ్యం పని అన్నవాళ్లను. వాళ్లకు ఏ బెంగా లేదు. రాత్రుళ్లు నిద్ర కూడా పట్టకపోతే ప్రార్థనతో పాటు డాక్టరునూ కలవండి, అది విశ్వాసం తగ్గడం కాదు.

అంకుల్, ఇన్ని చెప్తున్నారు. మీరెవర్నైనా నిజంగా క్షమించారా?

పోయినేడు వచ్చిన చీటీ. చేతిరాత చూస్తే కాలేజీ పిల్లలదనిపించింది.

మా పెదనాన్న కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద. చిట్ ఫండులో చీటీ పాడుకున్నాడు, జామీను సంతకం నాది. కంతులు మానేశాడు, నేను కట్టాను. తర్వాత నా పేరున ప్రోనోటు రాసిచ్చాడు, రెవెన్యూ స్టాంపు మీద నీటుగా సంతకం చేసి. దానికి కాలదోషం పట్టి ఎన్నో ఏళ్లయింది. అయినా బీరువాలో కవరులో పెట్టే ఉంచాను. ప్రతి గుడ్ ఫ్రైడే కొలస్సయుల వాక్యం చదివి, ఇంటికొచ్చి, ఆ కవరు అక్కడే ఉందో లేదో చూసుకునేవాణ్ణి. ఆ ప్రశ్న చీటీ చదివిన రాత్రి ఆ ప్రోనోటును చించేశాను. గొప్పగా ఏమీ అనిపించలేదు. మర్నాడు ఆ మొత్తం వడ్డీతో సహా నోటికి వచ్చేసింది, మళ్లీ వదులుకోవలసి వచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వదులుకుంటున్నాను.

వచ్చే నెల నెల్లూరులో ఆ అన్నయ్య కూతురి పెళ్లి. పినాకిని రైలులో టికెట్ తీశాను, ఒక్కటే. మా ఆవిడ రానంది. అప్పట్లో కంతులు కట్టడానికి కుదువ పెట్టింది ఆవిడ గాజులు, అవి మళ్లీ ఇంటికి రాలేదు. నా బాకీ నేను మాఫీ చేయగలను గానీ ఆవిడది నా చేతిలో లేదు. అందుకే రమ్మని బలవంతం చేయలేదు. పెళ్లికూతురికి చీర మాత్రం ఆవిడే కొనిపెట్టింది.